నా ఊపిరిని గమనించిన ఆ మేడమ్‌కి

ఇది రాస్తున్నప్పుడు కూడా మెడ కొంచెం లాగుతూనే ఉంది, ఒళ్ళంతా నీరసంగా ఉంది, అయినా ఇవాళ రాయకపోతే మళ్ళీ పనుల్లో పడి వాయిదా వేసేస్తానని భయం. నిన్న రాత్రి మధ్యలో లేవకుండా తెల్లారేదాకా నిద్రపోయాను. నెలల తరబడి మెడనొప్పి పడినవాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

ఆవిడ పేరు రాయను, రాయొద్దన్నారు. ఫిజియోథెరపీ విభాగంలో పనిచేస్తారు. నిజానికి నన్ను చూడాల్సింది ఆవిడ కాదు. నాకిచ్చిన టైమ్‌కి చూడాల్సినవాళ్ళు రాలేదు, ఇవాళ్టికి అయిపోయింది ఇంకో రోజు రండి అని కౌంటర్ దగ్గర చెప్పేశారు, నాకు లేచి వెళ్ళే ఓపిక లేక బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఈ మేడమ్ డ్యూటీ ముగించుకుని బ్యాగు భుజాన వేసుకుని వెళ్తున్నవారల్లా నా ముందు ఆగి, "ఏమ్మా, ఊపిరి తీసుకున్నప్పుడల్లా మీ భుజాలు పైకి లేస్తున్నాయి, ఎప్పటినుంచి ఇలా?" అని అడిగారు. మెడ గురించి అప్పటిదాకా ఎంతమందో అడిగారు గానీ ఊపిరి గురించి అడిగినవాళ్ళు లేరు. లోపలికి రమ్మని, బ్యాగు ఓ మూల పెట్టేశారు.

వెంటనే వ్యాయామం మొదలుపెట్టలేదు. చేతుల బలం చూశారు. వేళ్ళలో తిమ్మిరి ఉందా, నడుస్తుంటే తూలుతోందా, ఎక్కడైనా పడ్డారా, జ్వరం వస్తోందా, ఊరికే బరువు తగ్గుతున్నారా, మూత్రం మీద పట్టు తప్పుతోందా అని ఒక్కొక్కటే అడిగారు. వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికే పంపిస్తానన్నారు. నాకు అవేవీ లేవు. గంటల తరబడి తల ముందుకు పెట్టి స్క్రీన్ చూసే పని నాది, నొప్పంతా మెడ వెనక, భుజాల పైన.

తర్వాత ఆవిడ చెప్పిన సంగతి నాకు అర్థమైనంతవరకు రాస్తాను, ఎవరికైనా పనికొస్తుందని. మామూలుగా ఊపిరి తీసుకునే పనిలో ఎక్కువ భాగం పక్కటెముకల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరానిది. మెడకి రెండు పక్కలా స్కేలీన్ అనే కండరాలు ఉంటాయి, అవి మెడ ఎముకల నుంచి మొదటి రెండు పక్కటెముకల దాకా వస్తాయి. చెవి వెనక నుంచి కాలర్ బోన్ దాకా దిగే ఇంకో పెద్ద కండరమూ ఉంది. పరుగెత్తినప్పుడో, ఆయాసం వచ్చినప్పుడో ఇవి పక్కటెముకల్ని పైకి లాగి సాయం చేస్తాయి. గూని పడినట్టు వంగి కూర్చుంటే ఛాతీ, పొట్ట నొక్కుకుపోయి డయాఫ్రమ్‌కి కదిలే చోటు తగ్గుతుంది, టెన్షన్ తోడైతే ఊపిరి ఇంకా పైపైనే ఆడుతుంది, దాంతో అవసరానికి సాయం రావాల్సిన మెడ కండరాలు కూర్చున్నంతసేపూ పనిచేస్తుంటాయి. నిమిషానికి 15 సార్లు ఊపిరి తీసుకుంటాం అనుకున్నా రోజుకి 21,600 సార్లు. పైగా 5 కిలోల దాకా ఉండే తలని ముందుకు వాలనివ్వకుండా పట్టుకునే పని మెడకి ఎలాగూ ఉంది. "దానికి విశ్రాంతి ఎప్పుడమ్మా మరి?" అన్నారు. మెడలోని మూడు, నాలుగు, అయిదు వెన్నుపూసల దగ్గర బయల్దేరే నరమే డయాఫ్రమ్‌ని నడిపిస్తుందని కూడా ఆవిడ చెబితేనే తెలిసింది.

వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, తల కింద పల్చటి దిండు పెట్టి, నా ఒక చెయ్యి ఛాతీ మీద, ఇంకో చెయ్యి కింది పక్కటెముకల మీద పెట్టించారు. ముక్కుతో 4 అంకెలు లెక్కపెట్టేంతసేపు తీసుకోవడం, 6 అంకెలంతసేపు వదలడం, అంతే. పై చెయ్యి కదలకూడదు, కింది చెయ్యి పక్కకి జరగాలి. నాకు రాలేదు. పై చెయ్యే లేస్తోంది. ఆవిడ ఇంటికి వెళ్ళాల్సిన మనిషి, బయట లైట్లు కూడా ఆర్పేస్తున్నారు, నాకేమో కంగారు, కంగారు పడేకొద్దీ భుజాలు ఇంకా బిగుసుకుంటున్నాయి. "నాకేం తొందర లేదమ్మా, మీరు నిదానంగానే కానివ్వండి" అన్నారు. ఆ మాటకి నేను ఆగలేకపోయాను, వెక్కి వెక్కి ఏడ్చాను. ఇన్ని నెలల్లో ఏ గదిలోనూ నాకోసం తొందర లేనివాళ్ళు కనపడలేదు. ఆవిడ ఓదార్చే మాటలేవీ చెప్పలేదు, పక్కనే స్టూల్ వేసుకుని కూర్చుని, "ఏడ్చాక ఒక పెద్ద నిట్టూర్పు వస్తుంది, దాన్ని మధ్యలో ఆపకుండా చివరిదాకా వదిలెయ్యండి" అన్నారు. అలా వదిలిన తర్వాత వచ్చిన ఊపిరికే కింది చెయ్యి మొదటిసారి కదిలింది.

పొట్టని కావాలని బయటికి నెట్టొద్దు, పెద్ద పెద్ద ఊపిర్లు పీల్చొద్దు, తల తిరిగినట్టుంటే ఆపేసి మామూలుగా ఉండండి అని చెప్పారు. ఆ తర్వాతి రోజుల్లో కింది పక్కటెముకల చుట్టూ టవల్ కట్టి కూర్చుని చేయడం, ఊపిరి వదులుతూ గడ్డాన్ని కొంచెం వెనక్కి లాక్కోవడం, భుజం రెక్కల వ్యాయామాలు ఒక్కొక్కటే నేర్పారు. ఊపిరి ఒక్కటే మందు అని ఆవిడ ఏనాడూ అనలేదు, మధ్యమధ్యలో లేవాలి, మెడకి బలం రావాలి అని గట్టిగానే చెబుతారు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. స్కాన్‌కి ఎవరూ అడ్డు చెప్పలేదు, ఇన్సూరెన్స్ వాళ్ళు కూడా డబ్బు ఇచ్చేశారు. మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కొంచెం ఉబ్బింది అని చదివి భయపెట్టి పంపించారే గానీ, నొప్పి అసలు లేనివాళ్ళ స్కాన్లలో కూడా అలాంటివి మామూలుగా కనిపిస్తాయనీ, వయసుతోపాటు పెరుగుతాయనీ చెప్పలేదు. మెడ మీద చెయ్యి పెట్టి చూసినవాళ్ళు లేరు. అదే ఒక మనిషి పక్కన కూర్చుని వ్యాయామం నేర్పించే సెషన్లకి మాత్రం సవాలక్ష ఆంక్షలు. అక్కడ పనిచేసేవాళ్ళని తప్పుపట్టడం లేదు, ఒకేసారి అంతమందిని అప్పగిస్తే మెషీన్ పెట్టేసి పక్క మంచానికి పరుగెత్తక వాళ్ళు మాత్రం ఏం చేస్తారు. మేడమ్ నాకు ఇచ్చిన సమయం డ్యూటీ అయిపోయాక, సొంత సమయంలోంచి ఇచ్చింది. అలా ఇవ్వాల్సి రావడమే నాకు కోపం తెప్పిస్తోంది.

మా ఆయన, అమ్మ, పిల్లలు ఎంత చేశారో వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

పోస్ట్ చేయబోతుంటే గుర్తొచ్చింది, నా మానిటర్ కింద పుస్తకాలు పేర్చి కళ్ళ ఎత్తుకి తెచ్చిన ఆఫీసు తమ్ముడికి థాంక్స్. నా వంతు పని అడగకుండానే చేసిపెట్టిన అక్కకి కూడా. ఆ రోజు లైట్లు ఆర్పుతూ ఆర్పుతూ మా గది లైటు మాత్రం వదిలేసిన అటెండర్ గారికి, మీ పేరు అడగనే లేదండీ, వచ్చే సెషన్‌కి వచ్చినప్పుడు మిమ్మల్ని కలుస్తాను.