మా రక్తం చుక్కకు లెక్క చెప్పండి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర హోం, విపత్తు నిర్వహణ శాఖల మంత్రి వంగలపూడి అనిత గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలు.

నేను ఇక్కడి కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసుకునే న్యాయవాదిని. ఈ ఉత్తరం డీఎన్ఏ పరీక్షలు వద్దని రాస్తున్నది కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. సాక్షులంతా అడ్డం తిరిగినా ల్యాబ్ రిపోర్టు ఒక్కటే గట్టిగా నిలబడే కేసులు ఉంటాయి. మొన్న 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సు కాలిపోయినప్పుడు, గుర్తుపట్టే వీల్లేని మృతదేహాలను సొంతవాళ్లకు అప్పగించగలిగారంటే డీఎన్ఏ పుణ్యమే. నేను అడిగేది పరీక్ష అయిపోయాక సంగతి. తీసుకున్న రక్తం ఎక్కడుంటుంది, ఎన్నాళ్లుంటుంది, ఇంకెవరెవరు దాన్ని ముట్టుకోవచ్చు? స్టేషన్‌కు వెళ్లి ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి, రైటర్ గారు మన ముఖం కేసి చూస్తారు.

జాలారిపేటకు చెందిన ఒక తల్లి వెంట నేనో ప్రభుత్వాసుపత్రికి వెళ్లాను. వేటకెళ్లిన కొడుకు తిరిగి రాలేదు. కొన్నాళ్లకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవం అతనిదో కాదో తేల్చాలి. ఆమె వేలికి సూది గుచ్చి, తెల్లటి కార్డు మీద ముద్రించిన గుండ్రటి గళ్లలో రక్తం చుక్కలు పడేలా నొక్కారు. ఫ్యాను కింద ఆరబెట్టారు. మన ఉక్కపోతకు అది సరిగ్గా ఆరకుండా కవర్లో పెడితే బూజు పడుతుంది, ఆ జాగ్రత్త మాత్రం బాగానే తీసుకున్నారు. కాగితం కవరు, లక్క, సీలు. ఒక ఫారం మీద ఆమె ఫొటో అంటించి వేలిముద్ర వేయించారు. ఫారమంతా ఇంగ్లీషు. అందులో ఏముందో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. అంతా అయ్యాక ఆమె అడిగింది: "ఆ కార్డు మల్లీ మాకిచ్చేత్తారా బాబూ?" కానిస్టేబుల్ మంచివాడే. "అది కేసుతో పాటే ఉంటుందమ్మా" అన్నాడు. కేసు మూసేశాక ఎక్కడుంటుందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

అడగాల్సిన ప్రశ్నే అడిగిందామె. ల్యాబ్ తయారుచేసే డీఎన్ఏ ప్రొఫైల్ వేరు, ఆ కార్డు వేరు. ప్రొఫైల్ అంటే ఓ ఇరవై చోట్ల చిన్న చిన్న డీఎన్ఏ ముక్కలు ఎన్నేసి సార్లు వరసగా వచ్చాయో రాసిన అంకెల పట్టీ. దాన్ని చూసి మనిషికి ఏ జబ్బుందో చెప్పడం దాదాపు కుదరదు. కార్డు మీది మరకలో మాత్రం జన్యు సమాచారం మొత్తం ఉంటుంది, మామూలు గదిలో పెట్టినా ఏళ్ల తరబడి చెడదు. మన ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఎంత ఉందో మీకు చెప్పక్కర్లేదు. ఒక పిల్లకు ఆ జన్యువుందని బయటికి పొక్కితే పెళ్లి సంబంధాలు ఏమవుతాయో కూడా చెప్పక్కర్లేదు. పైగా ఇది ఒక్క మనిషితో పోయేది కాదు. మగవాళ్ల వై క్రోమోజోమ్ ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. ఒకడు రక్తం ఇచ్చాడంటే వాడి అన్నదమ్ములూ, పెదనాన్న కొడుకులూ అందరూ ఇచ్చినట్టే లెక్క. 2018లో అమెరికాలో పాత హత్యల నిందితుణ్ణి పట్టుకున్నది, వంశవృక్షాల వెబ్‌సైట్‌లో దూరపు చుట్టాలు పెట్టుకున్న డీఎన్ఏ ద్వారానే. హంతకుడు దొరికాడు, సంతోషం. ఆ చుట్టాలను మాత్రం ఎవరూ అడగలేదు.

ఇక చట్టం సంగతి. 2022లో కేంద్రం తెచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం ప్రకారం అరెస్టయినవాళ్ల, శిక్ష పడినవాళ్ల వేలిముద్రలు, రక్తం లాంటి నమూనాల రికార్డులు 75 ఏళ్లు ఉంచుకోవచ్చు. పాతికేళ్ల కుర్రాడివి తీసుకుంటే వాడికి నూరేళ్లు నిండేదాకా అన్నమాట. విచారణ లేకుండా వదిలేసినవాళ్లవి, నిర్దోషులని తేలినవాళ్లవి చెరిపేయాలని అదే చట్టంలో ఉంది, అంతకుముందు శిక్ష పడి ఉండకపోతే. కానీ అప్పీళ్లన్నీ అయిపోవాలి. కోర్టు ఉంచమంటే ఉంచేయొచ్చు కూడా. అదీ గాక, చెరిపేయమన్న అర్జీ వెళ్లాల్సింది రాష్ట్రం నియమించే నోడల్ అధికారికి. ఆ అధికారి ఎవరో ఏ స్టేషన్ బోర్డు మీదా నా కంట పడలేదు. 2007 నాటి విజయవాడ ఫార్మసీ విద్యార్థిని హత్య కేసు మీకు తెలియంది కాదు. కింది కోర్టు 2010లో శిక్ష వేసిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలేసింది. అలాంటివాడు రేపు ఇంకొకడు జైలు గేటు దాటి వస్తే, మొదటి పనిగా అర్జీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగమందామా?

నిందితుల కోసం ఆ మాత్రమైనా ఉంది. బాధితులకు, కొడుకు శవం కోసం వచ్చిన తల్లులకు అదీ లేదు. తప్పిపోయినవారి బంధువుల నమూనాల గురించి కొంత రాసిన డీఎన్ఏ బిల్లును 2019లో లోక్‌సభలో పెట్టి, 2023లో వెనక్కి తీసుకున్నారు. ఆ బిల్లులో లోపాలు లేకపోలేదు, కానీ దాని స్థానంలో ఇంకోటి రాలేదు. ఇలా ఖాళీ వదిలేస్తే ఏమవుతుందో శాన్‌ఫ్రాన్సిస్కోలో చూశాం. అత్యాచార బాధితురాలిగా ఒకామె ఇచ్చిన నమూనానే, ఏళ్ల తర్వాత ఆమెను దొంగతనం కేసులో పట్టుకోవడానికి వాడారని 2022లో బయటపడింది. తర్వాత కాలిఫోర్నియా అలా వాడకూడదని చట్టం చేసుకుంది. మన ఊళ్లో ఇలాంటిది ఒక్కటి జరిగినా చాలు, ఇంకే ఆడపిల్లా పరీక్షకు ఆసుపత్రి గడప తొక్కదు.

ఢిల్లీ ఏం చేస్తుందో చూద్దాం అనకండి. ఆ 2022 చట్టంలోని 8వ సెక్షన్ రూల్స్ చేసే అధికారం రాష్ట్రాలకూ ఇచ్చింది, రికార్డుల సేకరణ నుంచి ధ్వంసం దాకా. చట్టం అందని బాధితులు, బంధువుల విషయంలో మీ రెండు శాఖల నుంచి ఒక్క జీవో చాలు. అందులో ముఖ్యంగా ఒకటి రాయించండి: రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ తెలుగులో రసీదు. ఎవరు తీసుకున్నారు, ఏ ల్యాబ్‌కు వెళ్లింది, ఏ పనికి మాత్రమే వాడతారు, ఎప్పుడు ధ్వంసం చేస్తారు అన్నది అందులో ఉండాలి. శవం ఎవరిదో తేలిపోయాక బంధువుల కార్డులు నాశనం చేసి, ఆ సంగతి వాళ్లకు కబురు పెట్టాలి. బాధితుల ప్రొఫైల్‌ను ఇంకే కేసుతోనూ పోల్చకూడదు. ఏడేళ్ల కంటే తక్కువ శిక్ష పడే కేసుల్లో, అది ఆడవాళ్ల మీదో పిల్లల మీదో జరిగిన నేరం కాకపోతే, అరెస్టయిన మనిషి రక్తం ఇవ్వనని చెప్పొచ్చని చట్టమే అంటోంది. ఆ ముక్క అతనికి చెప్పి సంతకం తీసుకోవాలి.

నమూనాలు 48 గంటల్లో ల్యాబ్‌కు చేరాలని, చేతులు మారిన ప్రతిసారీ రిజిస్టర్లో రాయాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలోనే ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది కాబట్టి మనకు దూరం సాకు కూడా లేదు. ఢిల్లీలో 2012 నాటి ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో నమూనాలు దాదాపు రెండు వారాలు స్టేషన్ మాల్‌ఖానాలోనే, అంటే కేసు వస్తువులు దాచే గదిలోనే, ఉండిపోయాయి. ఉరిశిక్ష పడిన ముగ్గురినీ 2022లో సుప్రీంకోర్టు వదిలేయడానికి అదీ ఒక కారణం. రిజిస్టర్ సరిగ్గా ఉంటే మాలాంటి డిఫెన్సు లాయర్లకే నష్టం. అయినా అడుగుతున్నాను.

మీ పాయకరావుపేట తీరంలోనూ వేటకెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ జీవో తెలుగు ముసాయిదా రాయడానికి ఇక్కడి న్యాయవాదులం కొందరం సిద్ధంగా ఉన్నాం. మీ కార్యాలయం నుంచి ఒక్క ఫోన్ వస్తే చాలు.

ఇట్లు,
ఒక న్యాయవాది,
విశాఖపట్నం