స్టేటస్ పెట్టే ముందు పిల్లల్ని అడిగారా?

తల్లిదండ్రులకు నమస్కారం.

జూన్ 12న బడి తెరిచాం. ఆ సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌ల నిండా మన పిల్లలే. కొత్త యూనిఫాం, కొత్త బ్యాగు, నూనె పెట్టి బిగించి వేసిన రెండు జడలు. చూడముచ్చటగా ఉన్నాయి, కాదనను. ఒక ఫోటో దగ్గర మాత్రం ఆగాను. చిన్న పాప గేటు ముందు నిలబడి ఉంది, మెడలో ఐడీ కార్డు. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. పేరు, తరగతి, సెక్షన్, నాన్న పేరు, సెల్ నంబర్, బస్సు రూట్ నంబర్ అన్నీ చదవగలిగాను. కింద వాళ్లమ్మ "రోజూ 8.10కి బస్సు, ఇక పరుగులే" అని రాశారు. పాపను పేరు పెట్టి పిలిచి "మీ నాన్న పంపారమ్మా, రా" అనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఫోన్ చేశాను. "మావాళ్లే కదా మేడమ్ చూసేది" అన్నారు. కాంటాక్ట్స్‌లో ఎంతమంది ఉన్నారో చూడమన్నాను. ఆరు వందల పైచిలుకు. పాత ఇంటి ఓనరు, గ్యాస్ అబ్బాయి, ఎప్పుడో ఒకసారి వచ్చిన ప్లంబర్. వాళ్లను అనుమానించమనడం లేదు. ఆ ఫోటో తీసేటప్పుడు ఆవిడ మనసులో వాళ్లెవరూ లేరు, అంతే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలోకి వెళ్తే స్టేటస్ ఎవరికి కనిపించాలో మనమే ఎంచుకోవచ్చు. రెండు నిమిషాల పని.

ఇక మా తప్పు. నాలుగేళ్ల కిందట ఎల్‌కేజీ మొదటి రోజు, గేటు పట్టుకుని ఏడుస్తున్న బాబు వీడియోను బడి పేజీలో మేమే పెట్టాం, ముద్దుగా ఉందని. వాడిప్పుడు మూడో తరగతి. ఆ వీడియోలో ఏడుస్తూ అన్న మాటతోనే బస్సులో పెద్ద పిల్లలు వాడిని పిలుస్తున్నారని మొన్ననే తెలిసింది. వాళ్లమ్మ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. వీడియో తీసేశాం. ఎవరెవరి ఫోన్లలో మిగిలి ఉందో దేవుడికే తెలియాలి.

గత ఏడాది టెన్త్ పరీక్షలప్పుడు ఒక నాన్నగారు ఆశీస్సుల కోసం కొడుకు హాల్‌టికెట్ ఫోటోను అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు. ఫలితాల వెబ్‌సైట్‌లో హాల్‌టికెట్ నంబర్ కొడితే చాలు, ఎవరి మార్కులైనా వస్తాయి. ఫలితాల రోజు అబ్బాయి స్నానం చేసి వచ్చి చూసుకునేలోపే మ్యాథ్స్ పోయిందని మూడు అంతస్తులకు తెలిసిపోయింది. సప్లిమెంటరీలో పాసయ్యాడు. ఆ సంగతి మాత్రం గ్రూపులో ఎవరూ పెట్టలేదు.

నేను ఇప్పటికీ టెన్త్‌కు సోషల్ చెబుతాను. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చిందని చెబుతుంటే వెనక బెంచీ అమ్మాయి లేచింది. "మేడమ్, అది మా అమ్మ స్టేటస్‌కి కూడా వర్తిస్తుందా?" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ జవాబు చెప్పలేకపోయాను.

పెద్ద పిల్లల సంగతి వేరు. ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. మన ఆరో తరగతిలో మాత్రం చాలామంది 2000లో పుట్టినట్టున్నారు! 18 లోపు వయసు నిజంగా చెప్పిన పిల్లల అకౌంట్‌ను అది దానంతట అదే ప్రైవేట్‌లో పెడుతుంది. అబద్ధం చెబితే ఆ కాపలా కూడా ఉండదు. ఈ ఆదివారం పక్కన కూర్చుని పుట్టిన తేదీ ఏం ఇచ్చారో చూడండి.

ఎవరైనా మీ పిల్లల ఫోటోతో దొంగ అకౌంట్ తెరిచినా, ఫోటో మార్చి బెదిరించినా కంగారులో చాట్ డిలీట్ చేయకండి. అకౌంట్ లింకు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. నగ్న చిత్రాలైతే 18 లోపు వారి కోసం 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫోటో మన ఫోన్ దాటదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. ఇవన్నీ చేసే ముందు బిడ్డను కొట్టకండి, ఫోన్ లాక్కోకండి. చెప్పినందుకు శిక్ష పడితే రెండోసారి మీకు చెప్పరు, స్నేహితుడికి చెబుతారు. ఆ స్నేహితుడికీ పన్నెండేళ్లే.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండని వారందరినీ పిల్లలనే అంటుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అందుకే ఈ లేఖతో ఒక ఫారం పంపుతున్నాం. మీ పిల్లల ఫోటో వార్తాలేఖలో వేయవచ్చా, బడి పేజీలో పెట్టవచ్చా, రెండూ వద్దా, టిక్ పెట్టండి. ఆరో తరగతి నుంచి పిల్లల సంతకానికీ కింద గీత ఉంది. మీరు 'సరే' అని వాళ్లు 'వద్దు' అంటే మేం వాళ్ల మాటే వింటాం. శనివారం లోపు క్లాస్ టీచర్‌కు అందజేయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు