మన ఎండల్లో హస్కీలను అమ్మనివ్వకండి

సంపాదకుల వారికి,

పది రోజుల క్రితం మీ నగరం పేజీలో హస్కీ కుక్కలకు గిరాకీ పెరిగిందని రాసిన కథనం చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఆ రోజే రాయాలనుకున్నాను, ఇంట్లో పనులతో ఇవాళ్టికి కుదిరింది.

నీలి కళ్లు, తెల్లటి బొచ్చు, పక్కన నవ్వుతూ ఒక అమ్మాయి. ఫోటో బాగుంది. ఏసీ గది ఒకటి ఉంటే చాలు, ఇక్కడ పుట్టిన కుక్కపిల్లలు ఇక్కడి వాతావరణానికి అలవాటు పడిపోతాయని అమ్మేవాళ్లు చెప్పిన మాటను మీరు ఉన్నది ఉన్నట్టు అచ్చేశారు. ఒక్క పశువుల డాక్టరునైనా అడిగారా? నాలుగేళ్ల క్రితం మా అబ్బాయికి కూడా సరిగ్గా ఇదే మాట చెప్పి 35 వేలకు ఒక పిల్లను అంటగట్టారు. ఏడాది తిరక్కుండా అబ్బాయికి పుణెలో ఉద్యోగం వచ్చింది. కుక్క మా దంపతుల దగ్గర మిగిలింది. పేరు లియో. వాడిని కన్నబిడ్డలా చూసుకుంటున్నాం, అందుకే ఈ ఉత్తరం.

మాది విజయవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత చెప్పుకునే ప్రాంతం. హస్కీ ఎక్కడిది? సైబీరియా ఈశాన్య కొసన చుక్చీ జనం మంచు మీద బండ్లు లాగించడానికి పెంచుకున్న జాతి. 1925లో అలాస్కాలోని నోమ్ ఊళ్లో కంఠసర్పి (డిఫ్తీరియా) వ్యాపిస్తే, వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం నుంచి మందును అయిదున్నర రోజుల్లో చేర్చింది ఇలాంటి బండి కుక్కలే. సున్నాకి 40, 50 డిగ్రీల కింద కూడా ముడుచుకుని తోకతో ముక్కు కప్పుకుని మంచులో నిద్రపోతాయి. ఆ చలిని ఆపడానికి దేవుడు వాటికి రెండు పొరల బొచ్చు ఇచ్చాడు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దారి. మన ఉక్కపోతలో ఎంత రొప్పినా ఒంటి వేడి దిగదు. ఇందులో అలవాటు పడటానికి ఏముంది?

కిందటేడు మే నెలలో ఒక మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. మూడు గంటలు కరెంటు లేదు. ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతుంది గానీ ఏసీ నడవదు. నేను వంటింట్లోంచి వచ్చి చూసేసరికి లియో బాత్‌రూమ్ గుమ్మంలో పడి ఉన్నాడు. నాలుక ఎర్రగా కమిలిపోయింది, నోటి నుంచి జిగట జిగటగా చొంగ, పిలిస్తే కన్ను తిప్పలేదు. పొట్ట మీద, కాళ్ల మీద నీళ్లు పోస్తూ మా వారు విసనకర్ర విసురుతుంటే నేను రోడ్డు మీదకు పరిగెత్తాను. ముగ్గురు ఆటోవాళ్లు కుక్కను ఎక్కించుకోం అన్నారు. నాలుగో అబ్బాయి "ఎక్కించండమ్మా, ముందు ప్రాణం చూద్దాం" అని తన నీళ్ల సీసా కూడా వాడి మీద పోశాడు. ఆ అబ్బాయి పేరు కూడా అడగలేదు నేను. క్లినిక్‌లో థర్మామీటరు పెడితే 106 దాటింది. కుక్కకు మామూలుగా ఉండాల్సింది 101, 102. సెలైన్లు ఎక్కించి రాత్రి దాకా ఉంచుకున్నారు, బతికాడు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరుగారు నా మొహం మీదే చెప్పారు.

అంతకు ముందు ఏడాది ఒక పెట్ పార్లర్‌లో గుండు గీస్తే చల్లగా ఉంటుందంటే నమ్మాం. ఆ బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డు కూడా అని ఎవరూ చెప్పలేదు. వీపంతా కందిపోయి పుండ్లు పడ్డాయి. బొచ్చు ఇప్పటికీ సమంగా రాలేదు. డబ్బులు తీసుకునేవాళ్లు ఇంతమంది ఉన్నారు, నిజం చెప్పేవాళ్లే దొరకరు.

బొచ్చు ఏడాదికి రెండుసార్లు ఊడుతుందని రాశారు. మా ఇంట్లో ఏడాదంతా ఊడుతుంది. అది సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వాడి పరుగు. పరిగెత్తడానికే పుట్టిన జంతువుకు రెండు పడక గదుల ఫ్లాటు ఏ మూలకి? ఎండాకాలంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి తిప్పి తీసుకొస్తాం, ఆరు దాటితే ఎండ మొదలు, పది దాటితే తారు మీద కాలు పెట్టలేడు. సాయంత్రం ఎనిమిదింటికి కూడా నేను నా అరచెయ్యి రోడ్డు మీద ఆనించి చూసి గానీ దింపను. నాకు 59 ఏళ్లు. గొలుసు లాగితే పడిపోయి మణికట్టు విరిగి నెలన్నర కట్టుతో ఉన్నాను. ఒకసారి గేటు తీసి ఉండటం చూసి ఏలూరు కాలువ గట్టు దాకా పారిపోయి ఒకావిడ కోళ్లు రెండు చంపాడు. ఆవిడ తిట్టిన తిట్లు న్యాయమే, డబ్బులిచ్చి దణ్ణం పెట్టి వచ్చాం.

ఇంకో సంగతి ఆ కథనంలో అసలే లేదు. హస్కీ మొరగడం తక్కువ, ఊళ వేస్తుంది. అర్ధరాత్రి రైలు కూత వినిపిస్తే చాలు, లియో మెడ పైకెత్తి ఊళ అందుకుంటాడు. కుక్క ఏడిస్తే కీడని మన ఇళ్లలో ఎంత పట్టింపో మీకు తెలుసు. పై ఫ్లాటు పెద్దాయన ఐసీయూలో ఉన్నప్పుడు వాళ్ల కోడలు రాత్రి రెండింటికి కిందకి వచ్చి "ఆంటీ, మీ కాళ్లు పట్టుకుంటాను, దాన్ని ఆపండి" అని ఏడ్చింది. ఆ అమ్మాయికి ఏం సమాధానం చెప్పాలి? అసోసియేషన్ వాళ్లు రెండుసార్లు నోటీసు ఇచ్చారు. వాళ్లనీ తప్పు పట్టలేను.

చట్టం లేదా అంటే ఉంది. కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017లో, పెట్ షాపుల మీద 2018లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, గుర్తింపు కోసం చర్మం కింద మైక్రోచిప్ వెయ్యాలి. మా లియోను నెల పిల్లగా అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. చిప్పూ లేదు, కాగితమూ లేదు. ఆ షాపుకు రిజిస్ట్రేషన్ ఉందా అని తెలుసుకోవడానికి నేను ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసుకు పంపారు. అక్కడికి వెళ్తే ఇది మాది కాదు, మొదట వెళ్లిన చోటే అడగండి అన్నారు. అర్జీ రాసిచ్చి ఏడు నెలలయింది. కనీసం అందిందని కూడా ఎవరూ చెప్పలేదు. అన్ని ఆఫీసుల్లోనూ ఇదే తంతు. నా పెన్షన్ కాగితాలకూ ఇలాగే తిప్పారు, వీధిలో మురుగు పొంగితే ఇలాగే తిప్పారు. అర్జీ పెట్టుకున్న మనిషికి ఒక జవాబు రాసివ్వడం అంత బరువైన పనా?

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంచుకున్న జంతువును వదిలెయ్యడం నేరం. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు! అందుకే మోజు తీరినవాళ్లు భయం లేకుండా వదిలేస్తున్నారు. మేము వెళ్లే క్లినిక్‌లోనే కాంపౌండరు రెండు హస్కీలను చూపించాడు. ఒకదాన్ని చూపించడానికని తెచ్చి మళ్లీ రాలేదట, ఇంకొకటి హైవే పక్కన దొరికిందట. రెండూ తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి చూస్తున్నాయి. నేను అక్కడ ఉండలేక బయటకు వచ్చేశాను.

తమిళనాడు ప్రభుత్వం 2024లో కుక్కల పెంపకంపై విధానం తెచ్చి, అక్కడి వేడికి పనికిరాని జాతులను పుట్టించవద్దంది. ఆ జాబితాలో హస్కీ ఉంది. దాని మీద కొందరు కోర్టుకు వెళ్లారు, అది వేరే సంగతి. కనీసం ఆలోచన చేశారు కదా! మన రెండు రాష్ట్రాల్లో ఆ మాట ఎత్తినవాళ్లేరీ? మా అమ్మమ్మగారిది కైకలూరు దగ్గర పల్లె. కొల్లేటి చుట్టుపక్కల బాతులు మేపేవాళ్ల వెంట మన నాటు జాతి జోనంగి కుక్కలు తిరిగేవి. పొట్టి నున్నటి బొచ్చు, ఎండావానా లెక్కచెయ్యని ప్రాణం, మేత పెట్టిన చెయ్యిని మరిచిపోయేది కాదు. ఇప్పుడు అక్కడికి వెళ్లి వెతికినా కనబడటం కష్టం. వాటి మీద ఎప్పుడైనా ఒక సగం పేజీ రాశారా?

మీ పత్రికను ముప్ఫై ఏళ్లుగా తెప్పించుకుంటున్నాం. మీరు రాస్తే అధికారులు కదులుతారన్న నమ్మకం ఇంకా ఉంది. ఊళ్లో ఎన్ని పెట్ షాపుల్లో రిజిస్ట్రేషన్ పత్రం గోడకు కనబడుతోందో మీ విలేకరులతో తిరిగి చూయించండి. అది రాయండి. తరవాత మీ ఫోటోగ్రాఫరును మా ఇంటికి పంపండి. సాయంత్రం పార్కు వేళకు కాదు, మధ్యాహ్నం రెండు గంటలకు రమ్మనండి. లియో బాత్‌రూమ్ గచ్చు మీద తడి గోనెపట్టా పరుచుకుని పడుకుని ఉంటాడు.

భవదీయురాలు,
ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ