మాల్ సరే, బండ్లు ఎక్కడ పెడతారు?

విశాఖ బీచ్‌రోడ్డులోని హార్బర్ పార్కు స్థలంలో భారీ వాణిజ్య సముదాయం కట్టే ముందు అక్కడి ట్రాఫిక్, మురుగునీటి సంగతి తేల్చాలి. 2018లో లులు సంస్థ కన్వెన్షన్ సెంటర్‌కని శంకుస్థాపన, 2019లో ఆ స్థల కేటాయింపు రద్దు, ఇప్పుడు మళ్లీ అదే సంస్థకు లీజుకు కేటాయింపు. రాద్ధాంతమంతా లీజు చుట్టూనే. రోడ్డు గురించి మాట్లాడే నాథుడే లేడు. ఆదివారం సాయంత్రం కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు నిలబడితే చాలు: రోడ్డు మీదికి జరిగిన బైకులు, వాటిని ఆనుకుని మొక్కజొన్న పొత్తుల బండ్లు, మధ్యలో కదలలేని బస్సు. పాండురంగాపురం వైపు ఇళ్ల గేట్లకు అడ్డంగా కార్లు పెట్టేసి పోతారు. గట్టి వాన పడితే కాలువ నీళ్లు ప్లాస్టిక్‌తో సహా ఇసుకను కోసుకుంటూ సముద్రంలో కలుస్తాయి. అసలే కోతకు గురవుతున్న తీరమిది. పోర్టు తవ్వితీసిన ఇసుకను తెచ్చి పోస్తే గానీ బీచ్ నిలవని పరిస్థితి. పెట్టుబడులు, ఉద్యోగాలు రావద్దని ఎవరూ అనరు. అయితే ట్రాఫిక్, డ్రైనేజీ అధ్యయనాలను ముందే తెలుగులో ప్రజల ముందు పెట్టి, జాలరిపేటల వారినీ పిలిచి బహిరంగ విచారణ జరపాలి. సందర్శకుల కార్లను బీచ్‌రోడ్డుకు దూరంగానే ఆపించి, అక్కడి నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడపాలి. ఆ ఖర్చు లీజుదారే భరించాలని ఒప్పందంలోనే రాయాలి. మురుగుశుద్ధి ఏర్పాటు పూర్తయ్యాకే మాల్ తలుపులు తెరవనివ్వాలి.