గోరుచుట్టు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి

సంపాదకులకు నమస్కారం.

వేలు వాచి, ఎర్రబడి, సలుపుతుంటే గోరుచుట్టు అనుకుంటాం. చాలాసార్లు అది గోరుచుట్టే. కానీ ఒంట్లో ఇంకెక్కడో ఉన్న క్యాన్సర్ వేలి ఎముకకు పాకినా అచ్చం అలాగే కనిపిస్తుంది. ఈ సంగతి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మా మామగారు గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవారు. సిగరెట్లు బాగా తాగేవారు. కిందటేడు సీజన్‌లో ఆయన కుడిచేతి బొటనవేలి కొస వాచింది. టిక్కీలు (మిర్చి బస్తాలు) కుట్టే దబ్బనం గుచ్చుకుని ఉంటుందనుకున్నాం. మా అత్తయ్య నిమ్మకాయకు బెజ్జం చేసి వేలికి తొడిగారు. వీధిలో ఆర్‌ఎంపీ యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గలేదు. ఒక నర్సింగ్ హోమ్‌లో చీరితే చీము రాలేదు, నెత్తురు మాత్రం చాలాసేపు కారింది. షుగర్ లేదు, యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉంది. మళ్లీ మందులు మార్చారు. ఆయనకు రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు. కట్టు నేనే మార్చేదాన్ని. దూది తగిలినా "ఆగమ్మాయ్, ఆగు" అని చెయ్యి లాక్కునేవారు.

ఆలస్యంగా తీసిన ఎక్స్‌రేలో గోటి కింది ఎముక చెదలు తిన్న చెక్కలా ఉంది. ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందన్నారు. ఆ తర్వాత చూసిన ఎముకల డాక్టరు గారు ఫిల్ము చూస్తూనే, దగ్గు ఉందా, బరువు తగ్గారా, ఎన్నేళ్లుగా సిగరెట్ అని అడిగారు. ఛాతీ ఎక్స్‌రేలో గడ్డ కనబడింది. వేలి నుంచి తీసిన ముక్కను బయాప్సీకి పంపితే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని వచ్చింది.

ఇది చాలా అరుదు. ఎముకలకు పాకిన క్యాన్సర్లలో చేతులు, పాదాల దాకా వచ్చేవి వెయ్యికి ఒకటి ఉంటాయేమో. అందుకే ఎవరికీ తట్టదు. చేతికి వచ్చేది ఎక్కువగా ఊపిరితిత్తుల నుంచే. పాదానికైతే పెద్దపేగు, కిడ్నీ, మూత్రాశయం లాంటి చోట్ల నుంచి కూడా వస్తుంది. అసలు జబ్బు బయటపడకముందే కొందరికి వేలివాపే మొదటి గుర్తు అవుతుంది. ఎక్స్‌రేలో ఒక ఆధారం ఉంటుందని డాక్టరు గారు చూపించారు: ఇన్ఫెక్షన్ తరచుగా కీలును కూడా తినేస్తుంది, క్యాన్సర్ ఎముకను తిన్నా కీలు జోలికి సాధారణంగా పోదు. అయినా కచ్చితంగా తేల్చేది బయాప్సీయే.

ముందే తెలిసి ఉంటే మామగారు బతికేవారని నేను అనను. వేలికి వచ్చేసరికే జబ్బు ముదిరిపోయి ఉంటుంది. కానీ రేడియేషన్ పెట్టాక ఆయన నొప్పి బాగా తగ్గింది, కంటినిండా నిద్రపోయారు. ఆ నిద్ర కొన్ని నెలల ముందే దక్కాల్సింది. నా బాధంతా అదే.

రెండు వారాలు మందులు వాడినా వాపు తగ్గకపోతే ఎక్స్‌రే తీయించమని అడగండి. సిగరెట్, చుట్ట అలవాటున్నా, లోగడ క్యాన్సర్ వచ్చి తగ్గినా, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. వేలు చీరే డాక్టర్లకు నా విన్నపం: చీము రాకపోతే అక్కడ తీసిన ముక్కను పారేయకండి, పరీక్షకు పంపండి. మీ ఆరోగ్య పేజీలో ఒక ఎముకల డాక్టరు గారి చేత ఈ విషయం ఎక్స్‌రే బొమ్మలతో సహా రాయించమని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు