సాయంత్రం ఆకలికి ఇంట్లో ఏముంది?

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, పిల్లలను కనిపెట్టుకుని ఉండే నానమ్మలకు, అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన వారంలో పిల్లల డబ్బాలు చూసి చాలా సంతోషించాను. సద్దుల బతుకమ్మకు చేసిన పల్లీల సత్తు, నువ్వుల సత్తు, మలీద ముద్దలు, ఊళ్ల నుంచి తెచ్చుకున్న సీతాఫలాలు. పరకాల, నర్సంపేట వైపు నుంచి వచ్చే పిల్లలు హన్మకొండ పిల్లలకు పంచిపెట్టారు. ఒక్కరూ వద్దనలేదు. పండుగ సరుకు నిండుకుందో లేదో మళ్లీ క్రీము బిస్కెట్లు, చిప్స్, చల్లారి గడ్డకట్టిన నూడుల్స్ డబ్బాల్లోకి వచ్చేశాయి. ఈ నెల ఉత్తరం అంతా అందుకే తిండి గురించి రాస్తున్నాను.

ఇన్నేళ్లుగా పిల్లల మధ్య ఉండి నేను గట్టిగా నమ్ముతున్న మాట ఒకటుంది. ఆకలి వేసిన సమయానికి ఇంట్లో ఏది సిద్ధంగా ఉంటే పిల్లలు అదే తింటారు. సత్తు డబ్బా చేతికి అందితే సత్తు తింటారు, ప్యాకెట్ అందితే ప్యాకెట్ చింపుతారు. మనం ఎంత చెప్పినా, ఎంత కోప్పడినా ఇది మారదు. కాబట్టి మార్చాల్సింది పిల్లల మనసు కన్నా ముందు వంటింటి అలమరను.

అలమరలో కూడా నా దృష్టి ముఖ్యంగా సాయంత్రం పూట మీద ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నం తిని, ఆటల పీరియడ్‌లో పరుగెత్తి, బస్సులో కుదుపులు తిని ఇల్లు చేరే పిల్లవాడికి కడుపు నకనకలాడుతూ ఉంటుంది. రాత్రి భోజనం చాలా ఇళ్లలో తొమ్మిదింటికి. ఈ మధ్య గంటల్లోనే ప్యాకెట్ తిండి ఇంట్లో పాతుకుపోతుంది. అమ్మానాన్నలు ఇద్దరూ పనులకు వెళ్లే ఇళ్లలో పిల్లవాడే తాళం తీసుకుని లోపలికి వెళ్తాడు. పొయ్యి వెలిగించే అవసరం లేనిది, పళ్లతో చింపగలిగేది ఏదుంటే అది తీసుకుంటాడు. ఆపైన అన్నం ముందు కూర్చుని ఆకలి లేదంటాడు. ‘మావాడు అన్నం సరిగా తినడం లేదు మేడం’ అని సమావేశాలకు వచ్చి బాధపడే తల్లులను నేను మొదట అడిగేది, సాయంత్రం ఏం తిన్నాడని.

దీన్ని చిన్న విషయంగా తీసేయడానికి నాకు మనసొప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఆ చిన్నారుల్లో చాలామంది ఇప్పుడు మన ప్రాథమిక తరగతుల వయసు వాళ్లే. ఇనుము, మాంసకృత్తులు కావాల్సిన ఒంటికి మైదా, చక్కెర, ఉప్పు, నూనె అందుతున్నాయి. పొట్ట నిండుతుంది, అవసరం మాత్రం తీరదు. ప్రార్థన సమయంలో కళ్లు తిరుగుతున్నాయని కూలబడే పిల్లను పట్టుకున్న టీచర్లకు ఈ అంకెలు కాగితం మీద అంకెల్లా కనిపించవు.

ప్యాకెట్ అనగానే అన్నీ ఒకటి కావు. గిర్నిలో పట్టించిన పిండి, అటుకులు, పాలు, పెరుగు, మామిడికాయ పచ్చడి కూడా ఏదో ఒక విధంగా తయారు చేసినవే. వాటితో నాకు పేచీ లేదు. ఇంటి వంటింట్లో ఎప్పుడూ కనిపించని పదార్థాలతో, రుచి కోసం, రంగు కోసం, నెలల తరబడి నిల్వ కోసం కర్మాగారంలో తయారయ్యేవే నేను తగ్గించమంటున్నవి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో ఇచ్చిన 17 ఆహార మార్గదర్శకాల్లో వీటిని బాగా తగ్గించాలనేది ఒకటి, ప్యాకెట్ మీది లేబుల్ చదివి కొనాలనేది మరొకటి.

ఆ లేబుల్ చదవడం మన ఆరో తరగతి పిల్లలు దశాంశాల పాఠంలో భాగంగా నేర్చుకున్నారు. ఇంట్లో వాళ్లనే అడిగి చెప్పించుకోండి. ముందువైపు బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పాలి. అక్కడ పదార్థాల పేర్లు బరువును బట్టి, ఎక్కువ ఉన్నది ముందుగా రాస్తారు. ముందువైపు గోధుమ కంకుల బొమ్మ ఉన్నా, వెనుక మొదటి పేరు ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’ అయితే అది మైదానే. చక్కెర ఒకే పేరుతో ఉండదు. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని విడివిడిగా రాసి ఉంటే అన్నింటినీ కలిపి చూసుకోవాలి. సోడియం ఎన్ని మిల్లీగ్రాములో చూసి రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 900 మిల్లీగ్రాముల సోడియం అంటే రెండుంపావు గ్రాముల ఉప్పు. పెద్దవాళ్లకే రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, ఆ అంకెలు నూరు గ్రాములకా, మొత్తం ప్యాకెట్‌కా అన్నది. నూరు మిల్లీలీటర్లకు పది గ్రాముల చక్కెర అని రాసి ఉన్న 250 మిల్లీలీటర్ల శీతల పానీయం తాగితే పాతిక గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు, ఒక్క గుక్కలో లోపలికి పోయినట్లే.

పాలలో కలిపే పొడుల విషయంలోనూ ఇదే చూడండి. అలాంటి పానీయాలను ‘హెల్త్ డ్రింక్’ వర్గం నుంచి తీసేయాలని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు చెప్పింది. ఉత్త పాలు తాగే పిల్లలకు ఏదో తక్కువ చేస్తున్నామని తల్లులు బాధపడాల్సిన పని లేదు.

ఇక ఏం పెట్టాలి? మన వరంగల్ ప్రాంతపు వంటింటికి ఈ ప్రశ్న కొత్త కాదు. ఊరిని బట్టి సర్వపిండి, సర్వప్ప, గిన్నప్ప అని పిలుచుకునే వంటకాన్నే తీసుకోండి. సాయంత్రం తిండిగా దీన్ని మించినది నాకు తెలియదు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, కరివేపాకు, జీలకర్ర, కారం, ఉప్పు వేసి, కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ ముద్ద చేయాలి. నూనె రాసిన మందపాటి గంజులో, అంటే లోతైన గిన్నెలో, అడుగు నుంచి అంచుల దాకా పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో కాస్త నూనె వేసి మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచాలి. అంచులు ఎర్రబడి గంజును వదిలితే అయినట్లే. వేడి గంజులో పిండి ఒత్తడం కుదరదు కాబట్టి రెండు గంజులు పెట్టుకుంటే ఒకటి చల్లారేలోగా రెండోది పొయ్యి మీద ఉంటుంది. పొద్దున చేసి మూత పెట్టి ఉంచితే సాయంత్రానికి కూడా కరకరలాడే అంచు, మెత్తని నడుమ అలాగే ఉంటాయి. పిల్లవాడు తాళం తీసుకుని లోపలికి వచ్చాక పొయ్యి జోలికి పోకుండా తినగలడు.

సర్వపిండి రోజూ కుదరదు. బొబ్బర్లో శనగలో రాత్రి నానబెడితే పొద్దున కుక్కర్‌లో ఉడికిపోతాయి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపు వేస్తే గుడాలు సిద్ధం. పైన నిమ్మకాయ పిండితే వాటిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. వేయించిన మక్కలు గిర్నిలో పట్టించి సత్తుపిండి చేసి, తడి తగలని డబ్బాలో పెట్టుకుంటే వారం పాటు పనికొస్తుంది. పేలాలు, ఉడికించిన పల్లీలు, ఉడికించిన గుడ్డు, రాబోయే నెలల్లో జామపండ్లు ఉన్నాయి. రాగి జావ ఇవ్వడం మన ప్రభుత్వ బడుల్లో 2023లోనే మొదలుపెట్టారు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. అయితే బెల్లం వేశాం కదా అని చేయి జారనివ్వవద్దు, అదీ చక్కెర జాతిదే. సకినాలు, గారెలు నూనెలో వేగినవి. పండుగకు కడుపునిండా తిననివ్వండి, రోజువారీ తిండిగా మార్చకండి.

ఖర్చు గురించి కొందరు తల్లిదండ్రులు అడిగారు. పది రూపాయల ప్యాకెట్ మీద పాతిక గ్రాములని రాసి ఉంటే అది కిలో నాలుగు వందల రూపాయల సరుకు. పల్లీలు అందులో సగం ధర కూడా ఉండవు. ఖర్చు కన్నా సమయమే అసలు ఇబ్బంది అని నాకు తెలుసు.

అందుకే తండ్రులకు ఒక మాట నేరుగా చెబుతున్నాను. ఈ భారమంతా పిల్లల తల్లి మీద పడితే రెండు వారాల్లో ఇల్లు మళ్లీ ప్యాకెట్లకే తిరిగిపోతుంది. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్కు చూసుకునే మనిషికి ఇంకో పని తగిలించడం న్యాయం కాదు. ఆదివారం రైతుబజార్‌కు వెళ్లి రావడం, పల్లీలు వేయించి పొట్టు చెరగడం, గిర్నికి వెళ్లి పిండి పట్టించడం మీరు తీసుకోండి. బొబ్బర్లు నీళ్లలో పోయడం రెండో తరగతి పిల్లకు కూడా వచ్చు. ఎనిమిదో తరగతి అబ్బాయి పెద్దవాళ్లు పక్కన ఉండగా గుడాలకు పోపు పెట్టగలడు, పెట్టాలి కూడా. తాను చేసిన తిండిని పిల్లలు ఎంత ఇష్టంగా తింటారో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఒక్క రోజులో ఇల్లంతా ఊడ్చేయవద్దు. ఉన్నట్టుండి అన్నీ మాన్పిస్తే పిల్లలు దాచుకుని తినడం నేర్చుకుంటారు, అది ఇంకా పెద్ద కష్టం. ముందు సాయంత్రం తిండి ఒక్కటే మార్చండి. అది కుదురుకున్నాక శీతల పానీయాలు, ఆపైన పొద్దుటి టిఫిన్. నూడుల్స్ మానలేని ఇంట్లో మసాలా పొట్లం సగమే వేసి కూరగాయ ముక్కలు పెంచండి, ఉప్పు చాలావరకు ఆ పొట్లంలోనే ఉంటుంది. తక్కువ ఉప్పు, తక్కువ తీపి నాలుకకు అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో పిల్లలు మొహం ముడుచుకుంటారు, ఓపిక పట్టండి. పెళ్లిలోనో స్నేహితుడి ఇంట్లోనో తిన్న కేకుకు ఎవరినీ తిట్టకండి.

బడి తరఫున మేము చేసేవి కూడా చెప్పాలి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్నవి బడి ఆవరణలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధనలు తెచ్చింది. గేటు దగ్గరి దుకాణదారులతో మాట్లాడాం. ఉడికించిన పల్లీలు, జామపండ్లు అమ్మడానికి ఒప్పుకున్నారు, వాళ్ల దగ్గర అవి కొని ప్రోత్సహించండి. చక్కెర ఎందులో ఎంత ఉందో చూపే బోర్డులు పెట్టాలని సీబీఎస్ఈ 2025 మేలో తన బడులకు చెప్పింది. మనది రాష్ట్ర సిలబస్ అయినా మంచి పని ఎవరు మొదలుపెట్టినా మంచిదే, మన వరండాలోనూ ఆ బోర్డు పెడుతున్నాం.

నవంబరు మొదటి సోమవారం నుంచి ఉదయపు విరామంలో ఇంటి తిండి లేదా పండు మాత్రమే పంపండి. పుట్టినరోజులకు చాక్లెట్ల బదులు తరగతికి అరటిపండ్లు తెస్తే చాలు. ఎవరైనా ప్యాకెట్ తెస్తే టీచర్లు లాక్కోరు, నలుగురిలో మాట అనరు. అది కొన్నది పిల్ల కాదు కదా. అవసరమైతే మీతోనే మాట్లాడతాం. పల్లీలు, నువ్వులు, పాలు, గుడ్లు పడని పిల్లలు ఉంటే దయచేసి ఈ వారమే క్లాస్ టీచర్‌కు రాసి ఇవ్వండి. నర్సరీ పిల్లల డబ్బాలో పల్లీలు గింజలుగా పెట్టకండి, గొంతులో అడ్డుపడతాయి. పొడి చేసి పంపండి.

వచ్చే శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు బడి హాలులో కలుద్దాం. ఇంట్లో పిల్లలు ఎక్కువగా తినే ఒక ప్యాకెట్ వెంట తీసుకురండి, ఆరో తరగతి పిల్లలు లేబుల్ చదివి లెక్క కట్టి చూపిస్తారు. నానమ్మలు, అమ్మమ్మలు తప్పక రావాలి. సర్వపిండి ఒత్తి చూపించడానికి రెండు గంజులు, పొయ్యి మేము సిద్ధంగా ఉంచుతాం. పనుల వల్ల రాలేనివారు మరుసటి సోమవారం పొద్దున తొమ్మిదింటి లోపు నా గదికి రావచ్చు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు,
హన్మకొండ