అబ్బాయిల క్రిస్మస్ మేజోళ్ళకు చిరు కానుకలు కావాలి: సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులకు వందనములు.

ఈ క్రిస్మస్‌కు సండే స్కూలు అబ్బాయిల కోసం 60 మేజోళ్ళు నింపాలి. 3 నుంచి 5 ఏళ్ళ వారికి 20, 6 నుంచి 8 ఏళ్ళ వారికి 22, 9 నుంచి 11 ఏళ్ళ వారికి 18. ఒక్కోదానిలో ఐదు వస్తువుల చొప్పున మొత్తం 300 కావాలి. అమ్మాయిల పెట్టె త్వరగానే నిండుతుంది. అబ్బాయిల పెట్టెలోకి చిన్న కార్లు కుప్పలుగా వస్తాయి, తక్కినవి రావు. తొమ్మిదేళ్ళు దాటినవారికైతే మరీ కరవు. “మగపిల్లలకి ఏం కొనాలో తోచదండీ” అనేవారి కోసమే ఈ వివరాలు.

ఖరీదైనవి అక్కర్లేదు. పది రకాలు ఒక్కొక్కటి ఇవ్వడం కంటే ఒకే రకం పది ఇవ్వడం మేలు. మేజోడు విప్పిన మరుక్షణం పిల్లల కళ్ళు పక్కవాడి ఒళ్ళోకే పోతాయి. ఒకడికి టార్చిలైటు, ఇంకొకడికి రబ్బరు వస్తే ఆ పూట గొడవే. పైగా డజను లెక్కన కొంటే విడిగా కొన్నదానికంటే తక్కువకు వస్తాయి.

పెద్ద అబ్బాయిలకు ఆడి పారేసేవి కాకుండా పని నేర్పేవి ఇవ్వండి. దిక్సూచి మంచి కానుక, కానీ చవకవాటిలో ముల్లు పట్టేస్తుంది. కొనేముందు బల్లమీద సమంగా పెట్టి డబ్బీని మెల్లగా తిప్పండి. డబ్బీ తిరిగినా ముల్లు ఉత్తరాన్నే చూపాలి. ఇనుప తాళంచెవి దగ్గరకు తెస్తే ముల్లు కదలాలి, తీసేయగానే మళ్ళీ తన చోటికి రావాలి. రాకపోతే వద్దు. అయస్కాంతమున్న వస్తువును దిక్సూచితో కలిపి పెట్టకండి, ముల్లు ధ్రువాలు తారుమారైపోవచ్చు. 52 పేకముక్కల కట్ట ఇచ్చేవారు రెండు ఆటల నియమాలు ఒక కాగితంమీద రాసి జతచేయండి. ముడులు నేర్చుకోవడానికి రెండు రంగుల నూలు తాడు, ఒక్కో రంగు ఒక మీటరు ఇవ్వొచ్చు. రంగులు వేరైతే ఏ కొస ఎటు పోయిందో తెలుస్తుంది. ఈ తాడు చిన్నవాళ్ళ మేజోళ్ళలో మాత్రం వద్దు, మెడకు చుట్టుకునే ప్రమాదముంది.

6–8 ఏళ్ళవారికి యోయో బాగుంటుంది. బేరింగుతో చాలాసేపు కిందే తిరిగే పోటీ రకం కొనకండి, అది మామూలుగా లాగితే పైకి రాదు, పిల్లవాడు విసిగి పారేస్తాడు. దారం కొస నేలకు తాకిస్తే రెండో కొస పిల్లవాడి బొడ్డుకు కాస్త పైకి రావాలి. కొత్త దారం వీళ్ళకు పొడవవుతుంది కాబట్టి కత్తిరించి వేలి ఉచ్చు మళ్ళీ వేయాలి. ఆ పని మేం చూసుకుంటాం. భూతద్దం కొంటే రెండు మూడు రెట్లు చూపే ప్లాస్టిక్ కటకం చాలు. రెట్లు పెరిగేకొద్దీ వస్తువుకు మరీ దగ్గరగా పట్టాలి, కనిపించే మేరా తగ్గిపోతుంది. కీ ఇచ్చే బొమ్మలను పిల్లలు బలంగా తిప్పేస్తారు, లోపలి ప్లాస్టిక్ చక్రాల పళ్ళు విరుగుతాయి. వెనక్కి లాగి వదిలే రకం కాస్త నయం.

3–5 ఏళ్ళవారికి లావు క్రేయాన్లు, వేళ్ళకు తొడిగే బొమ్మలు, మెత్తని బంతి. రబ్బరు జంతువులైతే అడుగున చిల్లు లేనివి చూడండి. చిల్లుంటే నీళ్ళు లోపలే నిలిచి నల్లటి బూజు పడుతుంది. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటారు కాబట్టి ఈ పెట్టెకు వచ్చిన ప్రతి వస్తువునూ టాయిలెట్ పేపరు మధ్యనుండే అట్టగొట్టంలో వేసి చూస్తాం. అందులోంచి జారిపోయేది ఏదైనా పక్కన పెట్టేస్తాం, నొచ్చుకోవద్దు.

కొన్నిటిని ఏ వయసుకూ తీసుకోం. మెరిసే ఉంగరాలు, వెలిగే బొంగరాల్లో బటన్ సెల్ (గుండీలాంటి చిన్న బ్యాటరీ) ఉంటుంది. మూతకు స్క్రూ లేకపోతే గోటితోనే ఊడి వస్తుంది. మింగితే గొంతులో ఇరుక్కుని, అక్కడి తడిలో కరెంటు పారి, రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. చిన్న గట్టి అయస్కాంత గుళ్ళు రెండు మింగితే పేగు మడతల్ని మధ్యలో నొక్కిపట్టి చిల్లు పెడతాయి. నీళ్ళలో ఉబ్బే రంగుపూసలు కడుపులోనూ ఉబ్బుతాయి. ఊదని బెలూన్లు వద్దు. ఎలర్జీల భయంతో తినేవి కూడా వద్దంటున్నాం. ఇక ఈలలు... తల్లిదండ్రుల తరఫున వేడుకుంటున్నాం.

దయచేసి గిఫ్టు పేపరు చుట్టకండి, వయసు రాసి ఉన్న అసలు అట్టతోనే ఇవ్వండి. టార్చిలైటుకు సెల్స్ విడిగా కవరులో పెట్టండి, లోపలే ఉంటే స్విచ్చి నొక్కుకుని పండగనాటికి అయిపోతాయి.

కుట్టగలిగినవారూ కావాలి. మేజోడు పొడవు 42 సెంటీమీటర్లు, మూతి వెడల్పు 16, కుట్టు అంచు ఒకటిన్నర. వేలాడదీసే ఉచ్చును రెండు పొరలకూ కలిపి రెండుసార్లు కుట్టండి, బరువు పడగానే ముందు ఊడేది అదే. నింపేటప్పుడు బొటనవేలి చోట బంతి, మడమ దగ్గర చుట్టిన సాక్సుల జత, వెనక నిలువుగా చిన్న నోటుపుస్తకం, పెన్సిలు మొన కిందికి. మొన పైకుంటే చేయి పెట్టగానే గుచ్చుకుంటుంది. మైరా అనే పట్టణపు బిషప్పు నికొలాస్ పేదింట జారవిడిచాడని చెప్పుకునే బంగారానికి గుర్తుగా పూర్వం మేజోడు అడుగున నారింజ పెట్టేవారు. మనం బంతితో సరిపెడుతున్నాం.

డబ్బు రూపంలో ఇచ్చేవారు కవరుమీద “మేజోళ్ళ కానుక” అని, ఏ వయసువారికో రాసి కోశాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. ఏం కొన్నదీ, ఎంత మిగిలిందీ జనవరి మొదటి ఆదివారం నోటీసుబోర్డులో పెడతాం.

వస్తువులు డిసెంబరు మొదటి ఆదివారంలోగా అందాలి. పాడైనవి మార్చడానికి ఆపాటి వ్యవధి కావాలి. మందిరం గుమ్మం పక్కన మూడు పెట్టెలున్నాయి. నీలం రంగుది 9–11 ఏళ్ళవారిది. ఏ పెట్టెలో వేయాలో తేల్చుకోలేకపోతే అందులో వేయండి.

ఇట్లు,
సంఘ కమిటీ